చదువు చీటీ - సుగ్గి బాట

ప్రభుత్వ బడుల మీద ఏటా వేల కోట్లు పోసే బదులు ఆ డబ్బును తల్లిదండ్రుల చేతికే ఒక చీటీ రూపంలో ఇస్తే, నచ్చిన బడిలో పిల్లల్ని వాళ్లే చేర్చుకుంటారు కదా అనే వాదం చదువుకున్నవాళ్లు నలుగురు కూడిన చోటల్లా వినిపిస్తూ ఉంటుంది. స్కూల్ వోచరు అని దానికి పేరు. తెలుగులో "చదువు చీటీ" అంటే సరిపోతుందని నాకనిపిస్తుంది. చీటీ పట్టుకెళ్తే దుకాణంలో బియ్యం ఇచ్చినట్టే, ఈ చీటీ పట్టుకెళ్తే బడిలో చదువు చెబుతారు. అయితే బియ్యం ఏ కొట్లో తెచ్చుకున్నా బియ్యమే. చదువు విషయంలో ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో చూడాలి.

ఈ వాదాన్ని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నేల మీద నిలబెట్టి చూడాలని నా ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువు చీటీ పాపిష్ఠిదేమీ కాదు. దాని వెనక ఉన్న తర్కాన్ని కొట్టిపారేయడమూ సులభం కాదు. కానీ పడమటి కర్నూలు పిల్లల కష్టానికి అది మందు కాదు. చీటీ ఇచ్చేది బడిని ఎంచుకునే స్వేచ్ఛ. ఇక్కడ వేలాది పిల్లలకు అంతకంటే ముందు కొరవడినది, బడి నడిచినన్నాళ్లూ ఊళ్లో ఉండగలిగే స్థితి.

చీటీ వాదానికి ఆధునిక రూపం ఇచ్చినవాడు అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. 1955లో రాసిన ఒక వ్యాసంలో ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: చదువుకు డబ్బు పెట్టడం వేరు, బడి నడపడం వేరు, ప్రభుత్వం మొదటి పని చేస్తే చాలు, రెండో పనిని పోటీకి వదిలేయవచ్చు. 1981లో చిలీ దేశం దీన్ని దేశమంతటా అమలు చేసింది. పిల్లలు పెద్దసంఖ్యలో ప్రైవేటు బడులకు తరలిపోయారు. సగటు చదువు మాత్రం ఆశించినంత మెరుగుపడలేదని, బాగా చదివే పిల్లలు ఒక వైపు, మిగిలినవారు ఒక వైపు చీలిపోయారని 2006లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. 2015లో చిలీయే చట్టం చేసి, ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడులు పిల్లల్ని ఏరుకోవడాన్నీ, లాభం చేసుకోవడాన్నీ ఆపవలసి వచ్చింది.

చిలీ సంగతి అలా ఉంచి మన ఇంటి లెక్క చూద్దాం. ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు బడిలో చదువు అనేది మనకు కొత్త కాదు. 1854 నాటి వుడ్ తాఖీదుతో వచ్చిన గ్రాంటు పద్ధతి అదే. మన ఎయిడెడ్ బడులన్నీ దాని సంతానమే. ఉమ్మడి రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు ఎంపిక చేసిన ప్రైవేటు బడుల్లో ప్రభుత్వమే రుసుము కట్టిన "బెస్ట్ అవైలబుల్ స్కూల్స్" పథకం ఒక రకంగా చీటీయే. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి కూడా దానికి దగ్గరి చుట్టమే. బిడ్డను ప్రభుత్వ బడికి పంపినా, ప్రైవేటు బడికి పంపినా తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు వేస్తామన్నారు. మొదట 1,000, తరువాత 2,000 బడి నిర్వహణకు మినహాయించుకున్నారు. ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో "తల్లికి వందనం" పేరుతో ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ 13,000 చొప్పున వేశారు. బడి ఏదైనా డబ్బు తల్లి చేతికి రావడమే చీటీ సూత్రం. కాబట్టి మనం చీటీ కావాలా వద్దా అని వాదించుకుంటూ ఉండగానే, చీటీ మారుపేరుతో మన ఇళ్లకు వచ్చి కూర్చుంది.

ఈ విషయంలో మన రాష్ట్రానికి ఒక ప్రత్యేకత ఉంది. ప్రపంచంలో చీటీ మీద జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి మన పల్లెల్లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి 2008 నుంచి నాలుగేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లో, 180 గ్రామాల్లో దీన్ని నడిపారు. ఫలితాలు 2015లో ఒక ప్రముఖ అర్థశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. పద్ధతి చాలా పకడ్బందీగా ఉంది. ముందు గ్రామాలను లాటరీ తీశారు: సగం గ్రామాల్లో చీటీలు ఇస్తారు, సగం గ్రామాల్లో ఇవ్వరు. చీటీలు ఇచ్చే గ్రామాల్లో మళ్లీ పిల్లలకు లాటరీ తీశారు. చీటీ వచ్చిన పిల్లవాడికి ప్రైవేటు బడి రుసుము, పుస్తకాలు, బట్టలు అన్నీ ఉచితం. లాటరీ కాబట్టి డబ్బున్నవాళ్లు, చదువు మీద శ్రద్ధ ఉన్నవాళ్లు ఒకే వైపు చేరిపోవడానికి అవకాశం లేదు. ప్రైవేటు బడి పిల్లల మార్కులు చూసి, అదంతా బడి గొప్పతనమే అనుకునే పొరపాటుకు ఇక్కడ తావు లేదు.

ఏం తేలింది? నాలుగేళ్ల తరువాత తెలుగులోనూ, లెక్కల్లోనూ చీటీ వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ తేడా కనిపించలేదు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చెప్పని హిందీలో మాత్రం చీటీ పిల్లలు బాగా ముందున్నారు. చీటీ పిల్లలు వెళ్లిపోయినందువల్ల ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లలకు నష్టమూ జరగలేదు, లాభమూ కలగలేదు. చీటీ పిల్లలు వచ్చి చేరినందువల్ల ప్రైవేటు బడిలో అంతకుముందే ఉన్న పిల్లలు చెడిపోలేదు. "పేదపిల్లలు వస్తే మా బడి ప్రమాణం పడిపోతుంది" అనే యాజమాన్యాల మాటకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

ఇక్కడితో ఆపితే నేను నాకు అనుకూలమైనదే చెప్పినట్టవుతుంది. ఆ అధ్యయనంలోనే చీటీ వాదులకు బలమిచ్చే అంశాలు రెండున్నాయి. ఒకటి, ప్రైవేటు బడుల్లో తెలుగుకూ లెక్కలకూ కేటాయించిన సమయం ప్రభుత్వ బడుల్లో కంటే తక్కువ. తక్కువ సమయంలో అదే ఫలితం తెచ్చి, మిగిలిన సమయాన్ని ఇంగ్లీషుకూ ఇతర విషయాలకూ వాడుకున్నారు. రెండు, ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అదే చదువు మూడో వంతు ఖర్చుకు దొరుకుతున్నప్పుడు మిగిలిన రెండు వంతులు ఎందుకు పెట్టాలి? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ప్రభుత్వ విద్యను అభిమానించేవారిలో చాలామంది ఈ ప్రశ్నను దాటవేస్తారు. దాటవేసినంత మాత్రాన అది మాయం కాదు.

ఆ మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చింది? అదే అధ్యయనం దీనికీ జవాబు చెబుతుంది. ప్రైవేటు ఉపాధ్యాయుడి జీతం ప్రభుత్వ ఉపాధ్యాయుడి జీతంలో ఆరో వంతు కంటే తక్కువ. డిగ్రీ చదివి, ఊరు వదిలి పోలేక, వేరే ఉద్యోగం దొరక్క ఉండిపోయిన యువతీయువకులు మన చిన్న పట్టణాల్లో వేలల్లో ఉన్నారు. ఆదోనిలో ఉన్నారు, ఎమ్మిగనూరులో ఉన్నారు. ప్రైవేటు బడి చవకదనంలో బోధన నైపుణ్యం పాలు కొంత ఉంటే ఉండవచ్చు. పెద్ద పాలు మాత్రం ఈ చదువుకున్న నిరుద్యోగానిది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఈ ఉపాధ్యాయుల పరిస్థితి ఏమైందో మనమంతా చూశాం. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. బియ్యం కోసం వరుసలో నిలబడ్డ ఉపాధ్యాయుణ్ణి చూపించి, "చూడండి, ఎంత చవకగా చదువు చెబుతున్నాడో" అని మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. ఇది ప్రభుత్వ బడి ఖర్చును సమర్థించే వాదన కాదని గమనించాలి. ఆరు రెట్లు జీతం ఇచ్చి అదే ఫలితం రాబట్టడం కూడా సిగ్గుపడవలసిన విషయమే. ఆ మాటకు మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఆదోని వైపు వద్దాం. ఆ ప్రయోగానికి ఎంచుకున్న గ్రామాలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఆ గ్రామంలో గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కనీసం ఒకటి ఉండాలి. ఉంటేనే చీటీకి అర్థం ఉంటుంది కాబట్టి అది న్యాయమే. కానీ హొళగుంద, కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు మండలాల్లో మారుమూల పల్లెల మాట? అక్కడ ప్రైవేటు బడి అంటే పొద్దున్నే పల్లెకు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని ఆదోనికో, ఎమ్మిగనూరుకో తీసుకుపోయే బస్సు. ఆ ప్రయోగంలోని చీటీ రానుపోను ఖర్చు భరించలేదు. మధ్యాహ్న భోజనం కూడా ప్రభుత్వ బడిలోనే ఉంటుంది. కాబట్టి చీటీ తీసుకున్న కూలివాడి ఇంట్లో బడి రుసుము మిగిలినా, బస్సు రుసుమూ మధ్యాహ్నం డబ్బాలోకి అన్నమూ కొత్తగా నెత్తిన పడతాయి. ఉచితం అన్న మాటకు అర్థం ఆదోని పట్టణంలో ఒకటి, హొళగుంద పల్లెలో మరొకటి.

రెండోది భాష. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఎమ్మిగనూరు ఆ ఆదోని తాలూకాలోదే. సరిహద్దు గీత జరిగింది గాని ఇళ్లలో మాటలు జరగలేదు. ఇప్పటికీ ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపిస్తాయి. కన్నడ మాధ్యమం ప్రభుత్వ బడులు ఇప్పటికీ ఉన్న ప్రాంతమిది. ఇంట్లో కన్నడం మాట్లాడి, అంగట్లో తెలుగు మాట్లాడే పిల్లను ఆరో ఏట ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చోబెట్టడమే "మంచి బడి"కి గుర్తుగా మారిపోయింది. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వివాదమంతా ఇంగ్లీషు కావాలా, తెలుగు కావాలా అనే రెండు ముక్కల మీదే నడిచింది. మూడు భాషల మధ్య పుట్టిన పిల్ల మొదటి రెండేళ్లలో ఏ భాషలో చదవడం నేర్చుకోవాలన్న ప్రశ్న ఎవరికీ గుర్తు రాలేదు. చీటీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. పైగా తల్లిదండ్రుల కోరిక ఇంగ్లీషు వైపే మొగ్గుతుంది కాబట్టి పిల్లలందరినీ అటే తోస్తుంది.

మూడోదే అన్నిటికంటే పెద్దది. దాన్ని ఇక్కడివాళ్లు "సుగ్గి" అంటారు. కన్నడం నుంచి వచ్చిన మాట. సుగ్గి అంటే పంట కోతల కాలం. మాటలో పండుగ వాసన ఉంది. కానీ కోసిగిలోనో, పెద్దకడుబూరులోనో "సుగ్గికి పోయినారు" అంటే ఇంటికి తాళం పడిందని అర్థం. వానలు ఎగ్గొట్టిన ఏడు, తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చివరి దాకా రాని ఏడు, దీపావళి దాటేసరికి ఊళ్లకు ఊళ్లు మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికీ, మిరప కోయడానికీ తరలిపోతాయి. కొందరు తెలంగాణకు, కొందరు బెంగుళూరుకు కట్టడాల పనికి. ముసలివాళ్లను ఇళ్ల దగ్గర వదిలి పిల్లల్ని వెంట తీసుకుపోతారు. కాస్త పెద్దపిల్లయితే తానూ కోస్తుంది, చిన్నదైతే చంటివాణ్ణి ఆడిస్తుంది. తిరిగి వచ్చేసరికి ఉగాది. బడి ఏడాది దాదాపు అయిపోయి ఉంటుంది. పోనివాళ్లకూ వేరే చిక్కుంది. సంకర పత్తి విత్తనాల చేలలో పూలకు పరాగం అద్దే పనికి ఆడపిల్లల లేత వేళ్లు కావాలని కోరుకున్న ప్రాంతాల్లో కర్నూలు జిల్లా ఒకటని ఎన్నో నివేదికల్లో నమోదైంది. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం లోపే నిలిచిపోయిందంటే కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు.

ఈ పిల్లకు చీటీ ఇచ్చాం అనుకుందాం. ఏ బడికి ఇస్తుంది? జూన్‌లో ఆదోని బడిలో ఇచ్చిన చీటీ డిసెంబరులో గుంటూరు జిల్లా మిరపచేను గట్టున చెల్లుతుందా? అమ్మఒడికి 75 శాతం హాజరు ఉండాలని నిబంధన పెట్టారు. బడి మాన్పించకూడదన్న సదుద్దేశంతోనే పెట్టారు, కాదనను. కానీ నాలుగైదు నెలలు సుగ్గికి పోయిన పిల్లకు 75 శాతం ఎక్కడ నుంచి వస్తుంది? వలస పోయిన తల్లికి బిడ్డ చదువూ పోయింది, బిడ్డ చదువుకోసం ఇచ్చే డబ్బూ పోయింది. ఎవరికి అన్నిటికంటే ఎక్కువ అవసరమో సరిగ్గా వారినే జల్లెడ పట్టి వదిలేసే నిబంధన అది. చీటీ ఏ రూపంలో వచ్చినా హాజరు షరతు లేకుండా ఇవ్వలేరు. ఆ షరతు ఉన్నంత కాలం అది కదలకుండా ఒక చోట ఉండగలిగే కుటుంబాల చీటీయే.

ఇదంతా ఈనాటి సంగతే అనుకుంటే పొరపాటు. ఈ ప్రాంతపు బడుల గురించి రెండు వందల ఏళ్ల కిందటి నివేదిక ఒకటి మనకు దక్కింది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో (పత్తికొండలో 1827లో కన్నుమూసిన మన్రోయే) రాజధానిలోని జిల్లాలన్నిటిలో బడుల లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన కాంప్‌బెలే ఇతను. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలోదే. అతని లెక్క ప్రకారం జిల్లా జనాభా 9 లక్షల 27 వేల పైచిలుకు. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యికి ఏడుగురైనా లేరు. బడుల్లో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీకం 21, తమిళం 4. ఇంగ్లీషు బడి ఒక్కటి.

ఆ బడుల్లో ఎక్కువ భాగం నేటి మాటలో చెప్పాలంటే ప్రైవేటు బడులే. పిల్లల తల్లిదండ్రులు నెలనెలా ఇచ్చే రుసుము మీద నడిచేవి. కాంప్‌బెల్ వాటిలో మెచ్చుకున్నది వాటి చవకదనాన్ని. ఇసుకలో వేలితో రాయించడం, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించడం అతనికి నచ్చాయి. విమర్శించినది, ఇంట్లో మాట్లాడే భాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండా చిలకల్లా వల్లె వేయించడాన్ని. ఇక బడులు తగ్గిపోతున్నాయని రాసి అతను చెప్పిన కారణం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. సీమ వస్త్రాలు వచ్చి నేతపనివాళ్ల బతుకు దెబ్బతిన్నదనీ, జనం బీదవాళ్లవుతున్నారనీ, నడిమి తరగతి, కింది తరగతి జనం బిడ్డల చదువుకు డబ్బు పెట్టలేకపోతున్నారనీ రాశాడు. అంతేకాదు, చిన్నపాటి పని చేయగలిగే వయసు రాగానే ఆ పిల్లల చేతులు ఇంటి గడుపుబాటుకే కావలసి వస్తున్నాయని కూడా రాశాడు. చవకదనం, అర్థంకాని భాష, పనికి కావలసి వచ్చిన లేత చేతులు... మూడూ 1823లోనే ఉన్నాయి. మగ్గాల ఊరు ఎమ్మిగనూరు. అక్కడ 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టారంటే, బిడ్డ చదువు దాకా వచ్చే దారి ఇంటి సంపాదన మీదుగానే వస్తుందని ఆ తరం వారికి తెలిసే ఉంటుందని నా ఊహ.

సరే, మరి ప్రభుత్వ బడులు బాగున్నాయా? లేవు. 2003లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో ఆకస్మికంగా వెళ్లి చూసినప్పుడు ప్రభుత్వ ఉపాధ్యాయుల్లో నలుగురిలో ఒకరు బడిలో లేరని తేలింది. 2022 అసర్ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 10.3 శాతం. 2018లో అది 22.6 శాతం. మధ్యలో కరోనా ఉన్న మాట నిజమే. అయినా కరోనాకు ముందు సంఖ్య మాత్రం గర్వపడదగినదా? ఆ లెక్కలో ప్రభుత్వ బడుల పిల్లలూ ఉన్నారు, ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు. కాబట్టి మన రోగం ఒక వైపు బడులది మాత్రమే కాదు.

ఈ మధ్య కాలంలో ప్రభుత్వ బడులకు డబ్బు రాలేదని చెప్పలేం. నాడు-నేడు కింద గదులు, మరుగుదొడ్లు, బల్లలు వచ్చాయి. 2022 జూలై 5న విద్యాకానుక పంపిణీని రాష్ట్రమంతటికీ ముఖ్యమంత్రి మొదలుపెట్టింది ఆదోనిలోనే. 47 లక్షల పైచిలుకు పిల్లలకు సంచులు, పుస్తకాలు, బూట్లు అందించే కార్యక్రమమది. ఆ మరుసటి నెలల్లోనే జీవో 117 కింద 3, 4, 5 తరగతులను ఎన్నో ఊళ్లలో ప్రాథమిక బడి నుంచి తీసి ఉన్నత పాఠశాలలకు తరలించారు. కొత్త సంచి భుజాన వేసి, బడిని ఊరికి దూరం జరిపారన్నమాట. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. మూడేళ్ల పాటు దాని బరువు మోసినవారు మాత్రం ఎనిమిదేళ్ల పిల్లలు.

చట్టబద్ధమైన చీటీ కూడా మనకొకటి ఉంది. విద్యాహక్కు చట్టం (2009) సెక్షను 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేదపిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో అది హైకోర్టు ఆదేశం తరువాత 2022-23 నుంచి గాని అమలుకు రాలేదు. ఒక్కో పిల్లకు పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలుగా రుసుము నిర్ణయించారు. ఆ రుసుమును తల్లి తనకు వచ్చిన అమ్మఒడి డబ్బులోంచి బడికి కట్టాలన్నారు! పక్కింటి తల్లి ఆ డబ్బును తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు. "ఉచిత" సీటు వచ్చిన తల్లి మాత్రం ఆ సీటుకు తనే కట్టుకోవాలి. ఉచితం అనే మాటను ఇంత లౌక్యంగా వాడటం మన ప్రభుత్వాలకే చెల్లింది. రేపు పెద్ద ఎత్తున చీటీ పథకం వచ్చినా దాన్ని నడిపేది ఇదే యంత్రాంగం. బడి నడపడం చేతకాని ప్రభుత్వానికి చీటీలు నడపడం చేతనవుతుందని నమ్మడంలో ఏదో తిరకాసు ఉంది.

ఊరికే కాదనడం కాక ఏం చేయాలో కూడా చెప్పాలి కనుక, నాకు తోచినవి ఇవి:

1. పడమటి మండలాల్లో వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లు కుటుంబాలు బయల్దేరడానికి ముందే తెరుచుకోవాలి. ఇంటికి తాళం పడ్డాక తెరిచిన హాస్టలు ఎవరి కోసం?

2. వెంట పోయిన పిల్లను అక్కడి బడి ఏ రోజు వచ్చినా చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం సెక్షను 5 బడి మారే హక్కు ఇస్తూనే ఉంది. గుంటూరు పాఠ్యపుస్తకమూ ఆదోని పాఠ్యపుస్తకమూ ఒక్కటే. రెండు చోట్ల హాజరును కలిపి లెక్కిస్తే 75 శాతం నిబంధన శిక్షగా మారదు.

3. మొదటి రెండేళ్లు చదవడం, రాయడం ఇంటి భాషలో నేర్పాలి. అది కన్నడమైతే కన్నడం, ఉర్దూ అయితే ఉర్దూ. ఇంగ్లీషును వద్దనడం లేదు. ఒక భాషలో చదవడం వచ్చిన పిల్లకు రెండోది సులభమవుతుంది.

4. ప్రభుత్వ ఉపాధ్యాయుడి జీతాన్ని తగ్గించమనను. ఆ జీతానికి తగిన జవాబుదారీ అడగాలి. మూడో తరగతి పిల్లల్లో ఎంతమంది చదవగలుగుతున్నారో ఏటా ఊరి చావడిలో చదివి వినిపించాలి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రైవేటు బడులకూ అదే నియమం. అక్కడ ఉపాధ్యాయులకు ఎంత జీతం ఇస్తున్నారో కూడా చెప్పాలి.

5. 25 శాతం సీట్ల రుసుమును ప్రభుత్వం నేరుగా బడికే కట్టాలి. పల్లె పిల్లకు బస్సు ఖర్చు కలిపి కట్టాలి.

వీటిలో మొదటి రెండూ మిగతా మూడింటికంటే ముఖ్యమైనవి. నిజానికి అన్నిటికంటే ముందు కావలసినది తుంగభద్ర నీళ్లు చివరి పొలం దాకా రావడం, కోతల కాలంలో ఊళ్లోనే పని దొరకడం. అవి విద్యాశాఖ పరిధిలోకి రావంటారు. పిల్ల మాత్రం శాఖలవారీగా బతకదు కదా.

ఆ ప్రయోగం ఫలితాల్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. బడి మారినంత మాత్రాన తెలుగూ లెక్కలూ పెరగలేదు, తరగలేదు. అంటే రెండు రకాల బడులూ ఒకే చోట చతికిలబడ్డాయి. ఒకటి ఖరీదుగా, ఒకటి చవకగా. వాటి మధ్య ఎంచుకునే స్వేచ్ఛ ఆదోని పట్టణంలో స్థిరంగా ఉన్న కుటుంబానికి ఎంతో కొంత పనికొస్తుంది, ఆ కుటుంబానికి దాన్ని కాదనే హక్కు నాకు లేదు. కోసిగి పిల్లకు మాత్రం దానివల్ల ఒరిగేది లేదు.

చదువు చీటీ కావాలనే మిత్రులకు నాదొక విన్నపం. ఆ చీటీ నమూనా తయారుచేసేటప్పుడు పిల్ల పేరు, తల్లి పేరు, బడి పేరు రాసే గడుల పక్కన ఇంకొక గడి కూడా గీయండి: "డిసెంబరులో ఈ పిల్ల ఏ ఊళ్లో ఉంటుంది?" ఆ గడిని ఎలా నింపాలో, నింపాక ఆ ఊళ్లో ఆ చీటీ ఎలా చెల్లుతుందో మీకు తోస్తే చెప్పండి. వినడానికి సిద్ధంగా ఉన్నాను.